విశాఖ సముద్రానికి ఏ నీలం: అల్ట్రామెరైనా, థాలోనా?

ఆర్కే బీచ్‌లో రంగులు ముందేసుకుని కూర్చున్నాక వచ్చే మొదటి సందేహం ఇదే. రెండూ నీలాలే. కానీ అల్ట్రామెరైన్ ఎరుపు వైపు మొగ్గుతుంది, థాలో ఆకుపచ్చ వైపు. కలిపినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. లెమన్ ఎల్లోతో థాలో కలిస్తే నిగనిగలాడే పచ్చ. అదే పసుపులో అల్ట్రామెరైన్ వేస్తే కాస్త మసకబారిన పచ్చ. ఊదా కావాలంటే మాత్రం క్రిమ్సన్‌తో అల్ట్రామెరైనే నయం.

ఒడ్డు దగ్గరి పల్చటి నీళ్లకు థాలో బాగుంటుంది. అయితే జాగ్రత్త, కుంచె కొసన మిరపగింజంత చాలు, పాలెట్ మొత్తాన్ని మింగేస్తుంది. కాగితానికి పట్టిందంటే ఓ పట్టాన వదలదు. అల్ట్రామెరైన్ తడి కుంచెతో రుద్దితే చాలావరకు పోతుంది. వాటర్‌కలర్‌లో దాని రేణువులు కాగితం గుంటల్లో దిగి గరుకుగా కనిపిస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడకు ఆ గరుకుదనం భలే నప్పుతుంది. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే వానమబ్బు బూడిద రంగు కూడా వస్తుంది, నల్ల ట్యూబు జోలికి పోనక్కర్లేదు.

ఒక్కటే కొనాలంటే నా ఓటు అల్ట్రామెరైన్‌కే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు వేసినా నీడలు దానితోనే గడిచిపోతాయి. కొనేటప్పుడు ట్యూబు మీద పేరు కన్నా లోపలి రంగుపొడి ఏదో చెప్పే కోడ్ చూడండి: అల్ట్రామెరైన్‌కు పీబీ 29, థాలోకు పీబీ 15.