మాత్ర వేసి తెల్లారనివ్వడమా, రాత్రే బయల్దేరడమా: ఏది మేలు?

మా మామకు ప్రొస్టేట్ క్యాన్సర్. ఎముకలకు పాకి ఏడాదిన్నర అయింది. ఆయన ఉండేది పుత్తూరు దగ్గర పల్లెలో, నేను తిరుపతిలో. నాలుగు గంటలకొకసారి పది మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర, మధ్యలో నొప్పి తన్నుకొస్తే ఇంకొకటి. ఆ అదనపు మాత్రకు అత్త పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే గీత పెడుతుంది. మామూలుగా రోజుకు ఒకటో రెండో గీతలు. మొన్న కార్తీకంలో ఒక వారం నాలుగు, ఐదు, ఆరు అయ్యాయి.

నొప్పి తీరు కూడా మారింది. ఇదివరకు లేచి తిరిగితే వచ్చేది, పడుకుంటే సర్దుకునేది. ఇప్పుడు పడుకుంటేనే ఎక్కువ. దగ్గినా తుమ్మినా ఛాతీ చుట్టూ తాడు వేసి బిగించినట్టు ఉంటుందన్నాడు. పక్క ఊరి క్లినిక్‌లో చూపిస్తే నడుము పట్టిందని ఇంజక్షన్ వేసి పంపారు. అక్కడ రెండు రోజులు పోయాయి. ఇంకెవరో వెన్నుకు కట్టు కట్టించమన్నారు. పుత్తూరు కట్టు మా ఇంటి పక్క సంగతే కాబట్టి ఆ సలహా రావడం వింతేమీ కాదు. చెయ్యి విరిగితే మాట వేరు. క్యాన్సర్ తినేసిన వెన్నుపూసను లాగడం, రుద్దడం మాత్రం వద్దే వద్దు. అది లోపలికి కూలితే నొక్కుకుపోయేది వెన్నుపామే.

ఆ రాత్రి బాత్రూం నుంచి వస్తూ మామ ఒక చెప్పు గడప దగ్గరే వదిలేసి మంచం దాకా వచ్చేశాడు. "కాలికి చెప్పు ఉండాదనే అనుకుంటిని రా" అన్నాడు. అత్త ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు నాకు అసలు టెన్షన్ మొదలైంది. నొప్పి కంటే ఆ చెప్పే నన్ను భయపెట్టింది. కాలికి స్పర్శ తెలియట్లేదంటే క్యాన్సర్ వెన్నుపామును నొక్కుతోందేమోనని.

అదనపు మాత్ర వేసి పొద్దున చూద్దామా, ఇప్పుడే బయల్దేరదామా? నా జవాబు: మాత్ర వేయాలి, బయల్దేరాలి. రెండూ. రోజు మొత్తం మోతాదు అరవై అయితే అందులో ఆరో వంతు, అంటే పది, మధ్యలో ఇచ్చే మోతాదు. నోటి మాత్ర పట్టడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది కాబట్టి కదిలించే ముందే వేస్తే దారిలో పనికొస్తుంది. మాత్రకు నొప్పి తగ్గింది కదా అని ఆగిపోతేనే ప్రమాదం. మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుంది గానీ నరం మీది ఒత్తిడిని తగ్గించదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం మార్ఫిన్‌కూ వస్తాయి, వెన్నుపాము నొక్కుకుపోయినా వస్తాయి. "మాత్రల వల్లేలే" అని మేమూ మూడు రోజులు అనుకున్నాం. కాళ్లు బరువెక్కడం, తిమ్మిరి, మెట్లెక్కలేకపోవడం వీటికి తోడైతే ఇక మాత్రల మీదికి నెట్టకూడదు.

ప్యాచ్ అంటిస్తే మేలు కదా అని మా బావమరిది అడిగాడు. చర్మానికి అంటించే ఈ ఫెంటనిల్ (మార్ఫిన్ లాంటి మందే) ప్యాచ్ ఎప్పుడూ ఉండే నొప్పికి. అంటించాక పట్టు రావడానికే పన్నెండు గంటలో ఇంకా ఎక్కువో పడుతుంది. అర్ధరాత్రి తన్నుకొచ్చే నొప్పికి అది పనికిరాదు.

కారా, 108 అంబులెన్సా అన్నదాని మీద మా ఇంట్లో పెద్ద వాదనే అయింది. కారులో త్వరగా పోవచ్చు, నిజమే. కానీ కాళ్లలో బలం తగ్గిన మనిషిని కూర్చోబెట్టి గుంతల రోడ్డు మీద తీసుకుపోవడం కంటే, మెడ నుంచి నడుము దాకా ఒకే వరసలో ఉంచి ఒత్తిగిలించి, స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టడం మేలు. తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి వైపు టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు వాళ్లకు తిరుపతి కంటే వేలూరే దగ్గర. ఎక్కడికి పోయినా క్యాజువాలిటీలో "నడుము నొప్పి" అని మొదలుపెట్టకండి. "క్యాన్సర్ పేషెంటు, రెండు రోజుల్నుంచి కాళ్లు బలం తగ్గాయి" అనండి. ఆ ఒక్క వాక్యంతో మమ్మల్ని వరసలోంచి లోపలికి పిలిచారు.

ఎక్స్‌రేనా, ఎమ్మారైనా? ఇందులో ఆలోచించేదేమీ లేదు. ఎక్స్‌రే బాగుందంటే వెన్నుపాము బాగున్నట్టు కాదు. ఎమ్మారై కూడా నొప్పి ఉన్నచోటికే కాదు, వెన్ను మొత్తానికీ తీయాలి. మామకు నొప్పి ఒకచోటే, నొక్కుకున్నవి మాత్రం రెండు చోట్ల. రిపోర్టు రాకముందే డెక్సామెథసోన్ మొదలుపెట్టారు, వాపు తగ్గించే స్టెరాయిడ్ అది. రోజుకు పదహారు మిల్లీగ్రాములు చాలాచోట్ల ఇచ్చే మోతాదే. దాంతో షుగర్ మూడు వందలు దాటింది, రెండు రాత్రులు నిద్ర లేదు. షుగర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

అసలు పెద్ద ప్రశ్న ఆపరేషనా, రేడియేషనా అన్నది. క్యాన్సర్‌తో వెన్నుపాము నొక్కుకున్న 101 మంది మీద అమెరికాలో చేసిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. ఆపరేషన్ చేసి ఆపైన రేడియేషన్ ఇచ్చినవాళ్లలో చికిత్స తర్వాత 84 శాతం మంది నడవగలిగారు. రేడియేషన్ ఒక్కటే అయితే 57 శాతం. నడవగలిగిన రోజులు మధ్యస్థంగా చూస్తే ఆపరేషన్ అయినవాళ్లకు 122, రేడియేషన్ ఒక్కటే అయినవాళ్లకు 13. ఇది వింటే ఎవరైనా ఆపరేషనే అంటారు, నేనూ అన్నాను. కానీ అందులోకి తీసుకున్నది ఒకేచోట నొక్కుకున్నవాళ్లను, కాళ్లు పూర్తిగా పడిపోయి 48 గంటలు దాటనివాళ్లను, కనీసం మూడు నెలలు బతుకుతారనుకున్నవాళ్లను. లింఫోమా, మైలోమా లాంటి రేడియేషన్‌కు తేలిగ్గా లొంగే క్యాన్సర్లను పక్కన పెట్టారు. మామకు రెండు చోట్ల ఉంది, గుండెకు స్టెంటు కూడా ఉంది. సర్జన్ ఫిల్ములు లైటుకు పెట్టి చాలాసేపు చూసి, వద్దన్నాడు. ఎముక కూలి వెన్ను నిలవలేని స్థితిలో ఉంటే మాత్రం ఆయన మాట వేరేలా ఉండేది. రేడియేషన్ కణితిని కరిగిస్తుంది గానీ విరిగిన పూసను నిలబెట్టదు.

రేడియేషన్ అయినా ఒక్కరోజా, ఐదు రోజులా? 2019లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో 686 మంది. ఒకేసారి ఎనిమిది గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చినవాళ్లలో ఎనిమిది వారాలకు 69 శాతం మంది నడుస్తున్నారు. ఐదు రోజుల్లో ఇరవై గ్రే ఇచ్చినవాళ్లలో 73 శాతం. తేడా చిన్నదే అయినా, రెండూ సమానమని గట్టిగా చెప్పడానికి ముందే పెట్టుకున్న హద్దును అది కొద్దిలో దాటింది. ఎక్కువ కాలం లేనివాళ్లకు, ప్రతిసారీ మంచం నుంచి స్ట్రెచర్‌కు మార్చడమే నరకమైనవాళ్లకు నేనైతే ఒక్కరోజే కోరుకుంటాను. మామకు వాడి చూడాల్సిన క్యాన్సర్ మందులు ఇంకా మిగిలున్నాయి కాబట్టి ఐదు రోజులు అన్నారు. రోజూ బల్ల ఎక్కించే అరగంట ముందు అదనపు మాత్ర. మొదటిరోజు అది మరిచాం. ఆయన కేక వరండా దాకా వినిపించింది.

రేడియేషన్ అవగానే నొప్పి పోతుందనుకోకండి. మొదటి రెండు రోజులు పెరిగింది కూడా. క్యాలెండర్ మీద గీతలు మళ్లీ రెండుకు దిగడానికి పన్నెండు రోజులు పట్టింది. మామ ఇప్పుడు వాకర్‌తో పశువుల కొట్టం దాకా పోయొస్తున్నాడు. ఎడమకాలు ఇంకా ఈడుస్తాడు. రాత్రి పడుకునే ముందు అత్త మంచం కింద చెప్పులు రెండూ ఉన్నాయా అని టార్చి వేసి చూసుకుంటుంది.