పాత ఫొటోల వయసు తేల్చే నెల్లూరు దుకాణం

నెల్లూరు ట్రంకు రోడ్డును ఆనుకొని ఉన్న ఒక సందులో, ఒకప్పుడు స్టూడియో నడిపి ఇప్పుడు పాత ఫొటోల పరిశీలన మాత్రమే చేస్తున్న ఒక పెద్దాయన వద్దకు గత నెలలో రెండు ఫొటోలు తీసుకువెళ్లాను. పాత ఫొటోలు సేకరించేవారందరూ ఒక్కసారైనా ఆ మెట్లు ఎక్కాలని నా అభిప్రాయం.

మొదటిది ఒక జమీందారు నిలువెత్తు చిత్రం. నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు ఉన్న మందపాటి అట్ట, దాని కింద బంగారు అక్షరాలలో మద్రాసు స్టూడియో పేరు చూసి, 1880ల నాటిదన్న వ్యాపారి మాట నమ్మి ఆరు వేలకు కొన్నాను. పెద్దాయన జమీందారు ముఖాన్ని గానీ దుస్తులను గానీ పట్టించుకోకుండా నేరుగా కాగితాన్ని పరిశీలించారు. ఆ రోజుల్లో ఎక్కువగా వాడింది కోడిగుడ్డు తెల్లసొన పూసిన పల్చని కాగితమని, దానికి పూత అడుగున నారపోగులు కనబడతాయని, తెల్లగా ఉండవలసిన చోట్ల పసుపు తిరుగుతుందని చెప్పి భూతద్దం నా చేతికిచ్చారు. తలపాగా అంచున నీలం, గులాబీ, పసుపు రంగుల సన్నని చుక్కలు చల్లినట్టు కనిపించాయి. అది ఇంక్‌జెట్ ప్రింటు. "అట్ట పాతదేనయ్యా, బొమ్మే నిన్నమొన్నటిది" అన్నారు. డబ్బు పోయినందుకన్నా, ఆ అట్ట మీద అసలు ఎవరి చిత్రం ఉండేదో ఇక ఎన్నటికీ తెలియదన్నదే నన్ను ఎక్కువగా బాధించింది.

రెండవది మా మేనత్త పెళ్లి ఫొటో. అది 1950కి ముందుదని ఇంట్లో అందరి నమ్మకం. గది చీకటి చేసి అతినీలలోహిత టార్చి వేయగానే కాగితం వెనుకవైపు నీలితెలుపుగా వెలిగింది. అలా వెలిగేది కాగితానికి తెలుపు పెంచే రసాయనాల వల్ల; అవి ఫొటో కాగితంలో 1950ల నడుమ నుంచే వాడుకలోకి వచ్చాయి కనుక అంతకు ముందుది కావడానికి వీల్లేదు. వెనుక రబ్బరు స్టాంపులో "ఒంగోలు, గుంటూరు జిల్లా" అని ఉంది. ఒంగోలు కేంద్రంగా వేరే జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. పాత స్టాంపును కొత్త జిల్లా వచ్చాక కూడా కొన్నాళ్లు వాడి ఉండవచ్చునని ఆయనే హెచ్చరించి, 1955కూ 1972కూ మధ్యదని రాసిచ్చారు. ఒకే సంవత్సరం చెప్పమని నేను ఎంత అడిగినా ఒప్పుకోలేదు. ఆయన మాటపై నాకు గురి కుదిరింది అక్కడే.

ఫొటో ఒక్కింటికి మూడు వందలు తీసుకున్నారు, పని గంటలో అయిపోయింది. అయితే ఫలితాన్ని తెల్లకాగితంపై చేతితో రాసి ఇస్తారే తప్ప దానికి ఫొటో నకలును జతపరచరు, కనుక రేపు అమ్మవలసి వస్తే ఆ చీటీ ఏ ఫొటోకు చెందినదో కొనేవారికి చూపలేము. నకలు మీరే తీసుకువెళ్లి, దాని వెనుకే రాయించుకోండి, అడిగితే కాదనరు.