టైగర్స్ రేడియో ప్రసారం: ఎర్నీ హార్వెల్ గొంతుతో నేర్చుకున్నవాడి రివ్యూ

డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ మ్యాచ్‌లు ఇప్పుడు 97.1 ఎఫ్ఎమ్‌లో వస్తున్నాయి. సీజన్‌లో 162 మ్యాచ్‌లు, అంటే మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఒకటి. కారులో రేడియో ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. మిషిగన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. టికెట్ కొని స్టేడియానికి పరిగెత్తకండి, ముందు కొన్నాళ్లు రేడియోలో వినండి. ఆటా అర్థమవుతుంది, ఈ రాష్ట్రమూ అర్థమవుతుంది. నాకు రెండూ అలాగే వచ్చాయి. నేర్పింది ఒకప్పుడు టైగర్స్ మ్యాచ్‌లకి రేడియో కామెంటరీ చెప్పిన ఎర్నీ హార్వెల్. కాబట్టి ఈ ప్రసారం బాగుందా లేదా అని తేల్చాలంటే ఆయన దగ్గర మొదలుపెట్టక తప్పదు.

నేను వైటూకే (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న సమస్య) పనుల మీద వచ్చింది 1999లో. పాత టైగర్ స్టేడియంకి అదే ఆఖరి సీజన్. మధ్యలో కొన్నేళ్లు టీవీలో చెప్పిన ఎర్నీ మళ్లీ రేడియోకి వచ్చిందీ ఆ ఏడాదే. అప్పటికి ఆయనకి 81 ఏళ్లు. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. రాత్రి ఏడు దాటాక ఆఫీసు నుంచి ఫార్మింగ్టన్ హిల్స్‌కి తిరిగొస్తూ స్టేషన్లు తిప్పుతుంటే ఆ గొంతు తగిలింది. జార్జియా యాస, ఎక్కడా తొందర లేదు. బంతి వేశాడు, బయటికి పోయింది, బాల్ టూ (అంటే బ్యాటర్‌కి అందే చోట పడని రెండో బంతి). ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడరు. జనం గోల, మెట్ల మీద తినుబండారాలు అమ్మేవాళ్ల కేకలు వినిపిస్తాయి. మళ్లీ ఆయనే అందుకుంటారు. స్కోరు ఎంత, ఎవరు ఏ బేస్ (పరుగు కోసం చుట్టిరావాల్సిన మూల) మీదున్నారు అన్నది ఇప్పుడే రేడియో పెట్టినవాడికి కూడా తెలిసేలా చెప్పేవారు. నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి?

బ్యాటర్ బ్యాట్ ఊపకుండా మూడో స్ట్రైక్ (కొట్టాల్సిన బంతి) వదిలేసి అవుటైతే, రోడ్డు పక్కన ఇల్లులా అలా నిలబడిపోయాడు అనేవారు. నన్ను పట్టేసింది మాత్రం ఫౌల్ బాల్, అంటే బ్యాట్‌కి తగిలి హద్దు గీతల బయటికి పోయిన బంతి. బేస్‌బాల్‌లో ప్రేక్షకుల్లో పడ్డ బంతి తిరిగి మైదానంలోకి రాదు, పట్టుకున్నవాళ్లదే. అలా ఎవరైనా పట్టుకోగానే, ఇప్సిలాంటి నుంచి వచ్చిన ఒకాయన ఆ బంతి ఇంటికి తీసుకెళ్తున్నారు అనేవారు ఎర్నీ. ఇంకో బంతి సాగినా నుంచి వచ్చినావిడది, మరొకటి గ్రాండ్ రాపిడ్స్ కుర్రాడిది. అంత దూరం నుంచి చూస్తూ ఆయనకి ఎవరి ఊరు ఏదో ఎలా తెలుస్తుంది? తెలియదు, అప్పటికప్పుడు ఊహించి ఒక ఊరి పేరు వేసేవారు. అది ఊహేనని తెలిశాక కూడా నాకు ఇష్టం తగ్గలేదు. విన్న ఊరి పేరునల్లా ఇంటికెళ్లి మ్యాప్‌లో వెతికేవాణ్ణి. మిషిగన్‌లో ఏది ఎక్కడుందో నాకు అలా వచ్చింది. ఆ ఊళ్లలో రేడియో పక్కన కూర్చున్నవాళ్లకి తమ ఊరి పేరు వినపడితే ఎలా ఉంటుందో మన పల్లెల్లో పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతా చేసి ఆయన ఈ ఊరివాడు కాదు. పుట్టింది జార్జియాలో. అట్లాంటా క్రాకర్స్ అనే చిన్న జట్టుకి కామెంటరీ చెబుతుంటే, 1948లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే పెద్ద జట్టుకి ఉన్నట్టుండి అనౌన్సర్ కావాల్సొచ్చింది. ఎర్నీని వదలాలంటే మాకొక క్యాచర్‌ని (మన వికెట్‌కీపర్ లాంటివాణ్ణి) ఇవ్వండి అంది అట్లాంటా. క్లిఫ్ డాపర్ అనే ఆటగాణ్ణి అటు పంపి, ఎర్నీని ఇటు తెచ్చుకున్నారు. ఆ తర్వాత న్యూయార్క్, బాల్టిమోర్ తిరిగి 1960లో డెట్రాయిట్ చేరారు. మొత్తం 42 సీజన్లు ఇక్కడే. ఏటా మార్చిలో తొలి ప్రసారాన్ని బైబిల్లోని పరమగీతంతో మొదలుపెట్టేవారు. చలికాలం వెళ్లిపోయింది, పూలు వచ్చాయి, గువ్వ గొంతు వినిపిస్తోంది అనే వచనాలు. ఇక్కడి చలికాలం ఒక్కటి గడిపితే తెలుస్తుంది, ఆ మాటలు మార్చిలో చెవిన పడితే ప్రాణం ఎంత లేచొస్తుందో.

1991 సీజన్ తర్వాత ఆయన్ని తీసేశారు. దాని గురించి చెప్పేటప్పుడు ఆఫీసులో నాకంటే పెద్దవాళ్ల ముఖాలు ఎర్రబడేవి, పదేళ్లయినా సరే. జట్టు చేతులు మారాక 1993లో వెనక్కి పిలిచారు. 2002 సెప్టెంబర్‌లో టొరంటోలో ఆఖరి మ్యాచ్ చెప్పి, మీ కుటుంబంలో ఒకణ్ణిగా చూసుకున్నందుకు థ్యాంక్స్ అన్నారు. చిన్నప్పుడు ట్రాన్సిస్టర్‌ని దిండు కింద దాచుకుని విన్నందుకు కూడా థ్యాంక్స్ చెప్పారు. మర్నాడు మా ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర అందరిదీ ఆ దిండు కిందిదే కథ.

2010 మే 4న పోయారు, 92 ఏళ్లకి. టైగర్స్ కొత్త స్టేడియం కొమెరికా పార్క్‌లో ఆయన విగ్రహం దగ్గరే పార్థివదేహాన్ని ఉంచారు. పదివేల మందికి పైగా వచ్చారు, రాత్రంతా గేటు మూయలేదు. నేనూ పని అయ్యాక వెళ్లాను. నా ముందు నిలబడ్డ పెద్దాయనది మ్యాప్‌లో బొటనవేలిలా కనిపించే మిషిగన్ థంబ్ ప్రాంతంలో చక్కెర దుంపలు పండించే కుటుంబం. వాళ్ల నాన్న ట్రాక్టర్ ఫెండర్‌కి రేడియోని తీగతో కట్టేవాడట, ఇంజిన్ మోతలో వినపడక ఇన్నింగ్స్ మధ్యలో ట్రాక్టరే ఆపేసేవాడట. చెబుతూ ఆ తీగ ఎలా చుట్టేవాడో రెండు చేతులతో చూపించాడు. ఆ లైన్లో ఎవరు ఎవరిని పలకరించినా మొదటి ప్రశ్న ఒకటే, మీది ఏ ఊరు అని.

ఇక ఇప్పటి ప్రసారం. డాన్ డికర్సన్ 2000లో ఎర్నీ పక్కన చేరి, 2003 నుంచి ప్రధాన గొంతు అయ్యారు. ఆ ఏడాది టైగర్స్ 119 మ్యాచ్‌లు ఓడారు. అంత పెద్దాయన కుర్చీలో కూర్చుని, అలాంటి జట్టు గురించి రోజూ మూడు గంటలు మాట్లాడి జనాన్ని నిలబెట్టుకున్నారంటే నాకు ఆయనంటే గౌరవం. ఎర్నీని అనుకరించకపోవడం ఆయన చేసిన మంచి పని. ఫీల్డర్ ఎటు పరిగెడుతున్నాడో, బంతి గోడకి ఎంత దూరంలో ఉందో కళ్లకి కట్టిస్తారు. పెద్ద క్షణం వచ్చినప్పుడు గొంతు పెంచుతారు. 2006లో మాగ్లియో ఓర్డోన్యెజ్ హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) జట్టు బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌కి వెళ్లినప్పటి కామెంటరీ ఇప్పుడు విన్నా నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నాకు వెలితిగా ఉండేది నిశ్శబ్దమే. ఈ రోజుల్లో ఏ ఆట ప్రసారంలోనైనా బంతికీ బంతికీ మధ్య గణాంకాలో, ప్రకటనో దూరుతున్నాయి. ఎర్నీ వదిలిపెట్టే ఆ ఖాళీలో స్టేడియం తనంతట తాను వినిపించేది.

వినాలనుకునేవాళ్లకి నా సలహా. ఫోన్ యాప్ కంటే మామూలు రేడియో మేలు, ఇంటర్నెట్‌లో ప్రసారం ఆలస్యంగా వస్తుంది, పక్కింటివాళ్ల కేకలు ముందే వినిపించి టెన్షన్ పోతుంది. మొదట్లో నియమాల గురించి బెంగ వద్దు, బాల్స్, స్ట్రైక్స్, అవుట్స్ లెక్క పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి. పగటి మ్యాచ్‌తో, వారాంతంలో, పెరట్లో ఏదో పని చేసుకుంటూ మొదలుపెట్టండి. నా వరకు ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఎర్నీ రోజుల్లో అయితే ఐదుకి ఐదూ ఇచ్చేవాణ్ణి.