టోరీ పైన్సా, బెత్‌పేజ్ బ్లాకా: బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లకి ఏది మేలు?

మారతహళ్లిలో మాతో పాటు శనివారం పొద్దున్నే గోల్ఫ్ డ్రైవింగ్ రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే చోటికి) వచ్చే మిత్రుడొకరు ఈ వేసవిలో అమెరికా వెళ్తున్నారు. కూతురు శాండియాగోలో, బావమరిది న్యూజెర్సీలో. ఒక్క రౌండ్‌కే, అంటే పద్దెనిమిది హోల్స్ (గుంతలు) ఒకసారి ఆడటానికే వీలవుతుంది, శాండియాగోలోని టోరీ పైన్స్‌లోనా, న్యూయార్క్‌లోని బెత్‌పేజ్ బ్లాక్‌లోనా, ఎక్కడ ఆడమంటావు అని అడిగారు. రెండు చోట్లా ఆడాను కాబట్టి వివరంగానే చెప్తాను.

మన ఊళ్లో ప్రొఫెషనల్ టోర్నమెంట్లు జరిగే కేజీఏ (కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్) సభ్యుల క్లబ్బు, అనుకున్నప్పుడల్లా వెళ్లి ఆడేది కాదు. ఇవి రెండూ ప్రజలవి. టోరీ పైన్స్ శాండియాగో నగరానిది, బెత్‌పేజ్ న్యూయార్క్ రాష్ట్ర పార్కు. 2008లో టైగర్ వుడ్స్ కాలి ఎముక చిట్లి ఉండగానే యూఎస్ ఓపెన్ గెలిచిన టోరీ పైన్స్ సౌత్ కోర్సులో (మైదానంలో), టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయానికి బుకింగ్) దొరికితే ఫీజు కట్టి మనమూ ఆడొచ్చు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

సౌత్ కోర్సు కొండ అంచున ఉంటుంది, కింద పసిఫిక్ సముద్రం. అందం సంగతి అలా ఉంచితే అక్కడ అసలు పరీక్ష గడ్డి. దాన్ని కికుయు అంటారు, తీగలా అల్లుకుపోయి క్లబ్బుని (బంతిని కొట్టే కర్రని) పట్టేసుకుంటుంది. రేంజ్‌లో మ్యాట్ మీద క్లబ్బు బంతికి రెండంగుళాల వెనక తగిలినా జారిపోయి బంతి బాగానే వెళ్తుంది, మనకి తప్పు తెలియనే తెలియదు. అదే దెబ్బ అక్కడ కొడితే క్లబ్బు ఆగిపోయి బంతి పది గజాలు కూడా కదలదు. నాకు మొదటి మూడు హోల్స్‌లో ఇదే జరిగింది.

బెత్‌పేజ్ బ్లాక్ ఇంకో రకం. 1936 నాటి కోర్సు, 2002లో యూఎస్ ఓపెన్, 2025లో అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్ అక్కడే జరిగాయి. బాగా ఆడేవాళ్లే దిగండి అని మొదటి టీ (ఆట మొదలయ్యే చోటు) దగ్గర బోర్డే పెట్టారు. కార్టులు (ఎక్కి తిరిగే చిన్న బండ్లు) ఉండవు, ఎత్తుపల్లాల్లో పద్దెనిమిది హోల్సూ నడవాల్సిందే. టీ టైమ్ కోసం రాత్రంతా పార్కింగ్‌లో కార్లోనే పడుకునేవాళ్లున్నారు. బంకర్లు (ఇసుక గుంతలు) లోతు, రఫ్ (అంచుల్లో పెంచిన పొడుగు గడ్డి) దట్టం.

ఫీజు రెండు చోట్లా స్థానికులకే తక్కువ, ఆ తగ్గింపు చుట్టాలకి రాదు. పైగా బావమరిది ఉండేది న్యూజెర్సీ, అంటే బెత్‌పేజ్‌కి ఆయనా బయటివాడే.

మోకాళ్లు గట్టిగా ఉండి, వంద దెబ్బల్లోపు రౌండ్ ముగించే అలవాటుంటే నేను బ్లాకే అంటాను, ఆ నడక మరిచిపోలేనిది. కానీ మా మిత్రుడికి మోకాలి నొప్పి, పైగా ఇంట్లోవాళ్లతో వెళ్తున్నారు. ఆయనకి టోరీ పైన్సే మేలు, కార్టు దొరుకుతుంది, ఆయన ఆడుతుంటే ఇంట్లోవాళ్లు దగ్గర్లోని బీచ్‌కి వెళ్లొచ్చు. ఈలోపు రేంజ్‌లో బంతి వెనక బెత్తెడు దూరంలో టవల్ మడిచి పెట్టుకుని కొట్టమన్నాను. టవల్‌ని తాకకుండా వరసగా ఇరవై బంతులు కొట్టగలిగితే టీ టైమ్ బుక్ చేసుకోవచ్చు.