ఫిలడెల్ఫియా ఇండిపెండెన్స్ హాల్ టూర్: నాన్న అడిగిన ప్రశ్న పుట్టిన గది ఇదే

ముందు రేటింగ్ చెప్పేస్తాను, అయిదుకి అయిదు. ఫిలడెల్ఫియాకి గంటో రెండు గంటలో దూరంలో ఉండి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా నయాగరా, న్యూయార్క్ తిప్పి పంపించేసేవాళ్ళు ఈసారి ఒక పూట దీనికి పెట్టండి. చెప్పడానికి నాకే బాధగా ఉంది, మేం పదకొండేళ్ళుగా న్యూజెర్సీ చెర్రీ హిల్‌లో ఉంటున్నాం, బెన్ ఫ్రాంక్లిన్ బ్రిడ్జి దాటితే వచ్చేస్తుంది, అయినా 2024 అక్టోబర్‌లో నాన్న వచ్చేదాకా లోపలికి అడుగుపెట్టలేదు.

నాన్న తెనాలిలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఎన్ని ఎలక్షన్ డ్యూటీలు చేశారో ఆయనకే గుర్తులేదు. బ్యాలెట్ పెట్టెలు, సిరా సీసా, లక్క, సీళ్ళు అన్నీ సరిచూసుకుని బస్సులోనో లారీలోనో ఏదో పల్లెకి వెళ్ళి, రాత్రి బడి బల్లల మీదే పడుకుని, పొద్దున ఏడింటికల్లా పోలింగ్ మొదలుపెట్టించిన మనిషి. అందుకని ఇక్కడికి వచ్చిన మొదటి వారం ఆయనకి టీవీలో ఎన్నికల ప్రకటనలే కాలక్షేపం. మాకు ఫిలడెల్ఫియా ఛానళ్ళు వస్తాయి కాబట్టి బ్రేక్ వస్తే చాలు అవే, ఒకటి అయ్యీ అవకముందే ఇంకోటి. నాలుగో రోజో అయిదో రోజో కాఫీ తాగుతూ అడిగారు, "ఏమ్మా, టీవీ నిండా ఇంత గోల ఉంది, మీ ఇంటికి ఓటడగడానికి ఒక్కడూ రాలేదేం?"

రారు నాన్నా అన్నాను. ఆ ప్రకటనలు మాకోసం కాదు, నది అవతల పెన్సిల్వేనియా వాళ్ళకోసం, ఛానల్ ఒకటే కాబట్టి మాక్కూడా కనిపిస్తాయి, అంతే. ఇక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది ఎలక్టోరల్ ఓట్లు, రాష్ట్రానికి ఇన్నని ఉంటాయి, దాదాపు అన్నిచోట్లా రాష్ట్రంలో గెలిచినవాళ్ళకే అవన్నీ పోతాయి. న్యూజెర్సీ ఎటు పోతుందో అందరికీ ముందే తెలుసు, మా 14 ఎలక్టోరల్ ఓట్లు ఒక పార్టీ ఖాతాలో రాసేసుకున్నట్టే. పెన్సిల్వేనియా అలా కాదు, స్వింగ్ స్టేట్, అంటే ఎటైనా మొగ్గొచ్చు, 19 ఓట్లు. పెన్సిల్వేనియా వైపు ఎక్స్‌టన్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఇంటికి ఆ ఆదివారం వెళ్తే వాడి గుమ్మంలో కరపత్రాల కట్ట, తలుపు పిడికి తగిలించిన అట్టలు నాలుగు, మేం భోంచేస్తుండగానే ఒకసారి బెల్ కొట్టారు. మా ఇంటికీ వాడింటికీ మధ్య గంట దూరం. వాడూ నేనూ ఒకే ఏడాది సిటిజన్‌షిప్ తీసుకున్నాం.

నాన్నకి అక్కడ పట్టుకుంది. "అయితే ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్ళు ప్రెసిడెంట్ కాదా?" మామూలుగా అవుతారు గానీ ఎప్పుడూ కాదు నాన్నా అన్నాను, 2016 సంగతి చెప్పాను. దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువొచ్చిన హిల్లరీ క్లింటన్ ఓడిపోయిందని, మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింట్లో కలిపి 78 వేల ఓట్ల తేడాయే ఫలితం తేల్చిందని. ఆయన కప్పు కింద పెట్టి, "ఈ లెక్క పెట్టినవాళ్ళెవరమ్మా?" అన్నారు. ఆ లెక్క ఉన్న రాజ్యాంగం తయారైంది ఇండిపెండెన్స్ హాల్‌లో, అదీ మేం అక్కడికి వెళ్ళిన కారణం.

ఇక టూర్ సంగతి. టికెట్ ఉచితం, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే మనిషికి ఒక డాలర్ సర్వీస్ ఛార్జీ. టైము వేసి ఇస్తారు, ఆ టైముకి సెక్యూరిటీ దాటి లోపల ఉండాలి కాబట్టి అరగంట ముందే వెళ్ళండి. గుంపుగా లోపలికి తీసుకెళ్ళి ముందు కోర్టు గది చూపిస్తారు, తర్వాత నడవా దాటి ఎదురుగా అసెంబ్లీ రూమ్. 1776లో స్వాతంత్ర్య ప్రకటన, 1787లో రాజ్యాంగం, రెండూ ఆ ఒక్క గదిలోనే. మన హైస్కూల్లో రెండు క్లాసురూములు కలిపితే ఎంతుంటుందో అంతే ఉంటుంది, నేను ఇంకా పెద్దది ఊహించుకున్నాను. ఆకుపచ్చ గుడ్డ పరిచిన చిన్న చిన్న బల్లలు, వాటి మీద ఈక కలాలు, కొవ్వొత్తి స్టాండ్లు, పుస్తకాలు, ఎవరో ఇప్పుడే లేచి బయటికెళ్ళినట్టు సర్ది ఉంటాయి. సామాను చాలావరకు ఆ కాలానిదే గానీ ఆ గదిలోది కాదట. ఎదురుగా ఎత్తు మీద ఉన్న కుర్చీ మాత్రం అసలుది. వీపు ఆనే పలక పైన సగం సూర్యుడు చెక్కి, బంగారు పూత వేసి ఉంటుంది. జార్జ్ వాషింగ్టన్ ఆ ఎండాకాలమంతా అందులో కూర్చునే సభ నడిపాడు. మాటలు బయటికి పోకూడదని కిటికీలు మూసుకుని మాట్లాడుకున్నారని టూర్ నడిపే రేంజర్ గారు చెబుతుంటే నాన్న కిటికీల వైపే చూస్తూ ఉండిపోయారు.

టూర్ అరగంట లోపే అయిపోతుంది. ఆ కొంచెం టైములో ఎలక్టోరల్ కాలేజ్ (ఈ ఎలక్టోరల్ ఓట్ల పద్ధతి పేరు అదే) కథ మొత్తం చెప్పడం ఎవరివల్లా కాదు, అందుకని రెండు వీధులు ఉత్తరానికి నడిచి నేషనల్ కాన్‌స్టిట్యూషన్ సెంటర్‌కి కూడా వెళ్ళండి. దానికి టికెట్ డబ్బులు పెట్టాలి, పెట్టొచ్చు. సైనర్స్ హాల్ అని ఒక పెద్ద గదిలో 42 మంది కంచు విగ్రహాలు మనిషి ఎత్తున ఉంటాయి. సంతకం పెట్టిన 39 మంది, పెట్టనన్న ముగ్గురు. తాడు కట్టి దూరం పెట్టలేదు, వాళ్ళ మధ్యలోంచే నడవొచ్చు, భుజం మీద చెయ్యి వెయ్యొచ్చు. ముసలి ఫ్రాంక్లిన్ కూర్చుని ఉంటే నాన్న ఆయన పక్కన నిలబడి ఫోటో దిగారు.

ఆ విగ్రహాల్లో మీరు వెతకాల్సింది జేమ్స్ విల్సన్‌ని. పెన్సిల్వేనియా తరఫున వచ్చిన లాయరు. అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకోవాలని జూన్ 1న ఆ గదిలో లేచి చెప్పింది ఆయనే. ఎవరూ పెద్దగా పట్టించుకోకపోతే మర్నాడు ఆయనే, పోనీ జనం ఎలక్టర్లని ఎన్నుకుంటే వాళ్ళు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు అని ఇంకో దారి చూపించాడు. జులై 17న నేరుగా జనం ఓటు అన్న ప్రతిపాదన ఓటింగుకొచ్చింది. ఒప్పుకున్న రాష్ట్రం పెన్సిల్వేనియా ఒక్కటే, తొమ్మిది రాష్ట్రాలు కాదన్నాయి. ఇంత పెద్ద దేశంలో ఎక్కడివాడి సంగతో ఎక్కడివాళ్ళకి ఎలా తెలుస్తుంది అన్నది ఒక కారణం, ఆ రోజుల్లో అది న్యాయమైన అనుమానమే. రెండో కారణం ఆ సభలోనే ఇంకో ప్రతినిధి జేమ్స్ మాడిసన్ రెండు రోజుల తర్వాత నోరువిడిచి చెప్పాడు. జనం ఎన్నుకోవడమే మంచిదని నాకూ అనిపిస్తోంది, కానీ దక్షిణాదిలో నల్లవాళ్ళకి ఓటు లేదు కాబట్టి మా రాష్ట్రాలకి ఆ పద్ధతిలో బలం ఉండదు, ఎలక్టర్లయితే ఆ చిక్కు ఉండదు అని. ఎందుకంటే బానిసలు ఒక్కొక్కరినీ జనాభాలో అయిదింట మూడు వంతులుగా కలిపారు, దాన్నిబట్టి కాంగ్రెస్ సీట్లు, సీట్లని బట్టి ఎలక్టర్లు. మాడిసన్‌ది వర్జీనియా. మొదటి 36 ఏళ్ళలో 32 ఏళ్ళు అధ్యక్షులుగా ఉన్నది వర్జీనియా వాళ్ళే.

ఇది చదివి వినిపిస్తే నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఓటు లేనివాడి తల లెక్కపెట్టి, ఆ లెక్కని వాణ్ణి కట్టేసినవాడి చేతికిచ్చారన్నమాట" అన్నారు.

భోజనానికి దగ్గర్లో ఒక హోటల్‌కి వెళ్ళాం, పేరెందుకులెండి, వెజ్ అని రెండుసార్లు చెప్పినా శాండ్‌విచ్‌లో మాంసం ముక్కలొచ్చాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్ళండి, బయట పచ్చిక మీద కూర్చుని తినడానికి బోలెడు చోటుంది. అక్కడ నేను అడిగాను, మన రాష్ట్రపతి ఎన్నిక కూడా ఇలాంటిదే కదా నాన్నా అని. నాన్న ఒప్పుకోలేదు. "మన రాష్ట్రపతి పాలన చెయ్యడు, ఆ సంగతి పక్కన పెట్టు. మన ఎమ్మెల్యే ఓటు విలువ ఆంధ్రాకి 159, తెలంగాణకి 132, జనాభాని బట్టి. కానీ ఆంధ్రాలో వందమంది ఎమ్మెల్యేలు ఒకరికి, డెబ్బై అయిదు మంది ఇంకొకరికి వేస్తే అలాగే లెక్కేస్తారు. మొత్తం 175 వందమంది వేసినవాడికే రాసెయ్యరు కదా."

నేను అయిదేళ్ళుగా చెప్పలేకపోతున్న మాట ఆయన పచ్చిక మీద కూర్చుని ఒక్క ముక్కలో చెప్పేశారు. చిన్న రాష్ట్రాలకి ఎక్కువ బలం, పెద్ద రాష్ట్రాలకి తక్కువ, అదీ అన్యాయమే, కానీ అసలు రోగం అది కాదు. మెయిన్, నెబ్రాస్కా తప్ప ప్రతి రాష్ట్రమూ గెలిచినవాడికే మొత్తం మూటకట్టి ఇచ్చెయ్యడం రోగం. 2020లో ట్రంప్‌కి అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ ఓట్లు వచ్చింది కాలిఫోర్నియాలో, 60 లక్షలు. అవన్నీ సున్నా కింద పోయాయి. అదే ఏడాది బైడెన్‌కి దేశం మొత్తం మీద 70 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినా, అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింట్లో కలిపి ఒక 43 వేల ఓట్లు లేకపోతే గెలిచేవాడు కాదు. 2004లో బుష్ 30 లక్షల ఓట్లతో ముందున్నా ఒహాయోలో 60 వేలమంది మనసు మార్చుకుని ఉంటే కెర్రీ అధ్యక్షుడయ్యేవాడు. కాబట్టి ఇది ఒక పార్టీ ఏడుపు అనుకోకండి, దయచేసి. 2024లో రెండు లెక్కల్లోనూ ట్రంపే గెలిచాడు కదా, ఇక గొడవేముంది అని మా ఆఫీసులో ఒకరన్నారు. ఎవరు గెలిచారన్నదే కాదు, ఎవరి తలుపు కొట్టారన్నది కూడా లెక్కే. 2020లో రెండు పార్టీలూ పెట్టిన 212 ప్రచార సభల్లో 204 పన్నెండు రాష్ట్రాల్లోనే జరిగాయి, పెన్సిల్వేనియా ఒక్కదానికే 47. చిన్న రాష్ట్రాలని కాపాడే పద్ధతి అంటారే, మరి అన్నిట్లోకీ తక్కువ జనాభా ఉన్న వయోమింగ్‌కి ఎవరు వెళ్తున్నారు?

మార్చడం కుదరదా అంటే, ఒకసారి గుమ్మం దాకా వచ్చింది. 1969లో నేరుగా ఎన్నిక పెట్టే సవరణ ప్రతినిధుల సభలో 338కి 70 ఓట్లతో నెగ్గింది, నిక్సన్ కూడా సరేనన్నాడు. 1970లో సెనేట్‌లో దక్షిణాది సెనేటర్లు మాట్లాడుతూనే ఉండి ఓటింగు దాకా రానివ్వలేదు. అక్కడే చచ్చిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది ఇంకో దారి. రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకుని, దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే మా ఎలక్టర్లందరినీ వాళ్ళకే ఇస్తాం అని చట్టం చేస్తున్నాయి. చేరిన రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లు కలిపి గెలుపుకి కావాల్సిన 270 అయితేనే అది అమల్లోకి వస్తుంది. మొదట చేరింది 2007లో మేరీల్యాండ్, రెండోది 2008లో మా న్యూజెర్సీ. 2024 ఏప్రిల్‌లో మెయిన్ చేరేటప్పటికి 209 అయ్యాయి. పెన్సిల్వేనియా అప్పటికి చేరలేదు. విల్సన్ రాష్ట్రం, ఆనాడు ఒంటరిగా చెయ్యెత్తిన రాష్ట్రం.

నాకూ ఒక అనుమానం ఉంది, దాచను. రెండు వేల ఓట్లో, పదివేల ఓట్లో తేడాతో దేశం మొత్తం ఆగిపోతే మళ్ళీ లెక్కింపు యాభై రాష్ట్రాల్లోనూ చెయ్యాలి, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పద్ధతి. ఒప్పందం కంటే సవరణే గట్టి దారి అని నా అభిప్రాయం, కాకపోతే దానికి 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. నాన్నని అడిగితే, "లెక్కింపు కష్టమని ఓట్లు లెక్కపెట్టడం మానేస్తారా అమ్మా, రాత్రంతా కూర్చుని లెక్కపెట్టాం మేము" అన్నారు.

నేను 2019లో సిటిజన్‌షిప్ తీసుకున్నది ముఖ్యంగా ఓటు కోసం. అంతకు ముందు ఇక్కడ పన్ను కట్టాను, బడికి పిల్లల్ని పంపాను, కానీ ఎవర్ని ఎన్నుకోవాలో చెప్పే హక్కు లేదని ఎప్పుడూ లోపల ఉండేది. 2020లో పోస్టు బ్యాలెట్ కవరు డ్రాప్ బాక్సులో వేసేటప్పుడు చెయ్యి వణికింది నిజంగా. ఆ ఓటు పక్క రాష్ట్రంలో వేసిన మా తమ్ముడి ఓటుతో సమానంగా లెక్కకి రావాలని కోరుకోవడం అత్యాశ అని నాకు అనిపించడం లేదు.

వెళ్ళేవాళ్ళకి ఇంకో రెండు మాటలు. లిబర్టీ బెల్ రోడ్డు దాటితే ఉంటుంది, దానికి టికెట్ అక్కర్లేదు, పొద్దున్నే వెళ్తే క్యూ తక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అసెంబ్లీ రూమ్ కింది అంతస్తులోనే కాబట్టి ఇబ్బంది లేదు, కాకపోతే టూర్ అంతా నిలబడే వినాలి. మా గుంపుకి వచ్చిన రేంజర్ గారికి ఎంత ఓపికంటే, నాన్న తన ఇంగ్లీషులో నెమ్మదిగా, "మేడమ్, ఇక్కడ ఓటు ఎందుకు నేరుగా పెట్టలేదు?" అని అడిగితే మిగతావాళ్ళు బయటికి వెళ్ళిపోతున్నా ఆవిడ ఆగి, జేమ్స్ విల్సన్ పేరు చెప్పి, ఆ పేరు కాగితం మీద రాసిచ్చారు. నాన్న ఆ కాగితం కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని తెనాలి తీసుకెళ్ళారు.