గాలి మీటరు కొన్నాక మారిన నా కుర్చీ

పర్లాకిమిడిలో మా ముందుగదిలో సాయంత్రాలు ఒడియా మీడియం పిల్లలకు తెలుగు చెబుతాను. పది అడుగులకు పన్నెండడుగుల గది, పిల్లలు ఏడుగురు. నాకు ఎడమ చెవి వినిపించదు కనుక చదివేవాడు కుడి చెవి దగ్గరికొచ్చి గొంతెత్తాలి. వానాకాలంలో ఒకడికి జలుబు చేస్తే వారంలో అందరికీ, ఆఖరున నాకూ అంటుకునేది. అందుకే ఈ కార్బన్ డయాక్సైడ్ మీటరు. ఆ వాయువు మనం వదిలే ఊపిరిలోది కనుక, అంకె పెరిగితే గదిలో ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తున్నట్టే. అంకెలన్నీ పది లక్షల భాగాల గాలిలో అది ఎన్ని భాగాలో చెప్పేవి.

మొదట పదిహేను వందలది కొని మోసపోయాను. శానిటైజర్ మూత తీస్తే చాలు, అంకె రెండు వేలు దాటేది. అది ఇతర ఆవిరులను పసిగట్టి వేసే ఉజ్జాయింపు లెక్క! ఇప్పటిది 6,800 రూపాయలు; పరారుణ కాంతితో నేరుగా కొలుస్తుంది. కొనేముందు పెట్టె మీద ఆ పద్ధతి పేరు, 'ఎన్‌డీఐఆర్' అని ఉందేమో చూసుకోండి.

పెరట్లో 430 చూపింది. తలుపులు మూసి గుణింతాలు వల్లెవేయించిన నలభై నిమిషాలకు 1,940. ఫ్యాను వేగం పెంచినా దిగలేదు, అది గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది మరి. వీధి కిటికీ, పెరటి తలుపు తెరిస్తే పావుగంటలో 800కు వచ్చింది. దోమల గురించి మా ఆవిడ అన్నమాటలు ఇక్కడ రాయను.

అసలు తిరకాసు వేరే ఉంది. మహాప్రాణాలు నేర్పేటప్పుడు నోటి ముందు అరచేయి పెట్టుకోమంటాను. 'ఖ' పలికితే గాలి తగలాలి. మొన్న ఒకడు నా చెవి దగ్గర 'ఖడ్గం' అన్నాడు. వెచ్చగా చెంపకు తగిలింది. అలమారలో మీటరు మాత్రం పచ్చదీపంతో 650 అంటోంది! వదిలిన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 40,000 ఉంటుంది. అది గదంతా కలిసిపోయాక మిగిలినదే మీటరుకు అందుతుంది, ఇద్దరి ముఖాల మధ్య చిక్కగా ఉన్నది అందదు. జబ్బును మోసేవి ఊపిరితో వచ్చే తుంపరలు. వాటిలో చిన్నవి నేల చేరకముందే ఆరిపోయి, మిగిలిన రేణువులు గాలిలో తేలుతాయని అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ 1934లోనే రాశాడు. గొంతు పెంచేకొద్దీ అవి ఎక్కువగా వెలువడతాయి. నేనేమో గట్టిగా చదవమంటాను.

కుర్చీని కిటికీ పక్కకు జరిపాను. చదివేవాడు ఇప్పుడు బల్లకు అవతల కూర్చుంటాడు, నాకు వినపడకపోతే పలక మీద రాస్తాడు. ఈ ఏడు జలుబు ముగ్గురికి వచ్చింది, నాకు రాలేదు. అది మీటరు చలవేనని ప్రమాణం చేయలేను.

అయిదుకు నాలుగు చుక్కలు. ఒకటి కోసింది జానెడే ఉన్న ఛార్జింగు తీగకు.