పంట నీటి లెక్క: రైతుల్ని ముందే కూర్చోబెట్టాలా, తయారయ్యాక చూపించాలా? ఏది మేలు?

బోర్ల కింద రబీలో ఎన్ని ఎకరాల వరి వేయొచ్చో చెప్పే లెక్కల షీటో, యాపో తయారు చేసేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: రైతుల్ని ఏ దశలో పిలవాలి? దార్లు మూడున్నాయి. మొదట్లో ఒక సభ పెట్టి అవసరాలు రాసుకుని, మిగతా పని ఆఫీసులో చేసుకోవడం ఒకటి. నమూనా తయారు చేసి ఊళ్లో చూపించి, వాళ్లు చెప్పిన మార్పులు చేయడం రెండోది. వాన, నీటిమట్టం కొలవడం దగ్గర్నుంచీ రైతులతో కలిసే లెక్క కట్టడం మూడోది. ఫోన్ సర్వే కూడా ఉంది గానీ, ఎవరి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంది, ఏ పంటలు వేస్తున్నారు అన్నవి తెలుసుకోవడానికి మించి పనికిరాదు.

ఒక్క సభ అంటే ఖర్చు తక్కువ, ఒక పూటలో అయిపోతుంది. కానీ వచ్చేది ఎక్కువగా సొంత బోర్లున్న పెద్ద రైతులే. వాళ్ల ముందు కౌలు రైతు నోరు విప్పడు; ఏ పంట వేయాలో తేల్చుకునేది మాత్రం చాలాచోట్ల అతనే. పైగా చేతిలో ఏ వస్తువూ పెట్టకుండా ‘మీకేం కావాలి?’ అంటే కొత్త బోరు, కరెంటు అనే చెబుతారు. పరిచయానికి సభ పెట్టండి, దాని మీద మాత్రం లెక్క కట్టకండి.

గడువు మూడు నెలలే ఉంటే రెండో దారి తప్పదు. అప్పుడు యాప్ కంటే ముందు కాగితం మీద చూపించండి. కాగితం మీది గడిని కొట్టేయమనడానికి ఎవరూ మొహమాటపడరు. ఎనిమిది, పది మంది చొప్పున మూడు విడతలు పెట్టండి. కౌలు రైతులకు, ఆడవాళ్లకు వేరుగా పెట్టండి. ‘బాగుందా?’ అని అడిగితే ‘బాగుంది సార్’ అంటారు, అక్కడితో సరి. ‘మీ బోరు వివరాలు మీరే ఎక్కించండి’ అని ఇచ్చి, వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. చాలాసార్లు ఆగేది ‘సెకనుకు లీటర్లు’ అన్న గడి దగ్గర. రైతు లెక్క ఇంచుల్లో ఉంటుంది: రెండించుల నీళ్లు, ఇంచున్నర నీళ్లు. భూమి కొలత దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. తెలంగాణలో 1.20 అని రాస్తే ఎకరా ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. యాప్ దాన్ని 1.2 ఎకరాలుగా చదువుతుంది, ఆంధ్రలో అయితే అదే ఎకరా ఇరవై సెంట్లు కాబట్టి సరిపోతుంది. కనుక ఎకరాలకు ఒక గడి, గుంటలకో సెంట్లకో వేరే గడి పెట్టాలి.

ఇలాంటి తప్పులన్నీ రెండో దారిలో పట్టుబడతాయి. లోపల దాగిన ఊహలు మాత్రం పట్టుబడవు. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది అదే.

వెయ్యి ఎకరాల ఊరు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన అనుకోండి. పడే నీళ్లు సుమారు 22.3 లక్షల ఘనపు మీటర్లు. ఇందులో ఎంత ఇంకుతుంది? గ్రానైట్ లాంటి రాయి చివికిన నేలల్లో బంకమన్ను తక్కువైతే 11 శాతం, ఎక్కువైతే 8 శాతం అని 1997 నాటి భూగర్భజల అంచనా కమిటీ సూచన. తేడా మూడు శాతమే. నీళ్లలో చూస్తే దాదాపు 67 వేల ఘనపు మీటర్లు. ఎకరా వరికి 1200 మిల్లీమీటర్ల నీరు పట్టుకుంటే, మడిలోంచి తిరిగి ఇంకేది పక్కన పెట్టినా, ఇది సుమారు 14 ఎకరాల వరి. ఆఫీసులో ఒక గడిలో ఎవరో వేసిన అంకె ఊళ్లో 14 ఎకరాలను తేలుస్తోందన్నమాట. ఏ చెలకలో బంకమన్ను ఉందో, ఏ వాగు కింద ఊట వస్తుందో తెలిసినవాళ్లు ఆ గడిని చూడనే లేదు.

మూడో దారిలో ఆ గడి ఊరి గోడ మీద ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (రైతులే భూగర్భజలాలను చూసుకునే) ప్రాజెక్టు చేసింది ఇదే: వాన, బోర్ల నీటిమట్టం రైతులే కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏం వేయాలన్నది ఎవరి ఇష్టం వాళ్లదే. బోరు దిగుబడి కొలవడానికి 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. డ్రమ్ము నిండడానికి 100 సెకన్లు పడితే సెకనుకు 2 లీటర్లు. రోజుకు 9 గంటలు ఆడితే 64.8 ఘనపు మీటర్లు. తన ఇంచులు ఎన్ని లీటర్లో తన డ్రమ్ములోనే చూసుకున్న రైతు, ఆ తర్వాత వచ్చే ‘వరి ఎకరంన్నర, లేదా వేరుశనగ మూడున్నర’ అన్న జవాబుతో వాదిస్తాడు, సరిదిద్దుతాడు. బయటివాళ్లు ఇచ్చిన అంకెనైతే విని ఊరుకుంటాడు.

ఈ దారిలో చెడేవీ ఉన్నాయి. మోటారు ఆడుతుండగా మట్టం కొలిస్తే నీళ్లు అసలు కన్నా లోతుగా కనిపిస్తాయి. పొద్దున్నే, కరెంటు రాకముందు కొలవాలి. చెట్టు కింద పెట్టిన వర్షమాపకం తక్కువ చూపిస్తుంది. కొలిచే మనిషి వలస వెళ్తే రికార్డు ఆగిపోతుంది కాబట్టి ఒక్కో బోరుకు ఇద్దరికి నేర్పాలి, అందులో ఒకరు ఆడమనిషైతే మంచిది. తాగునీటి గడి పంటల గడికి పైనే ఉండాలి: తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున వెయ్యి మందికి ఏడాదికి 20 వేల ఘనపు మీటర్లు. పశువులవి దీనికి అదనం.

లెక్క తయారయ్యాక ముందు నిరుటి అంకెలు వేసి చూపించండి. షీటులో నీళ్లు మిగిలాయని వచ్చి, ఊళ్లో బోర్లు మార్చిలోనే ఎండిపోయి ఉంటే, తప్పు ఏ గడిలో ఉందో రైతులే చూపిస్తారు.

ఏడాది సమయముంటే మూడోదే పట్టుకోండి. మే నెలలో మనుషుల్ని ఎంచి నేర్పండి, జూన్ మొదటి వానకు ముందే వర్షమాపకం నిలబెట్టండి. అక్టోబరులో వేసే రబీ లెక్కకు ఆ నాలుగు నెలల అంకెలే కావాలి.